సూరీడమ్మ ఇచ్చిన వాయనం

అనగనగనగా ఒక టౌను. పల్లెకి పెద్దది, పట్నానికి చిన్నది. దానికో మునిసిపాలిటీ, ఆ మునిసిపాలిటీకో ఎర్రమేడ, ఆ మేడలో గిరగిరా తిరిగే ఫ్యాన్లు. టౌనుకి ఓ చివర సున్నపుబట్టీల వీధి. ఊ కొట్టవే మరి! నువ్వు ఊ కొట్టకపోతే సూరీడమ్మ అలిగి అక్కడే కూర్చుంటుంది.

సూరీడమ్మంటే ఆ వీధిలో అప్పడాలు ఒత్తి అమ్ముకునే ఆవిడ. కొడుకూ కోడలూ పొద్దున్నే రైసుమిల్లుకి పనికి వెళ్ళిపోయేవారు. మనవరాలు బుచ్చి మాత్రం సూరీడమ్మ చంక దిగేది కాదు. అచ్చం నీలాగే అనుకో. ఒకటో తరగతి. దానికి బడంటే ప్రాణం, పలకంటే ఇంకా ప్రాణం. అన్నం తినేటప్పుడు కూడా పలక ఒళ్ళో ఉండాల్సిందే.

ఆ వీధి మొదట్లో పెద్ద మురుగుకాలవ ఉంది. దానిమీది కల్వర్టు కిందటేడు వానలకి కూలిపోయింది. అప్పుడు వీధివాళ్ళే ఒక తాటిదుంగ తెచ్చి అడ్డంగా వేసుకున్నారు. రోజూ పొద్దున్నే సూరీడమ్మ బుచ్చిని చంకనెత్తుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ ఆ దుంగ దాటేది. చుట్టూ తిరిగి వెళదామంటే రైలుపట్టాలు దాటాలి. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి.

అప్పుడు సూరీడమ్మ ఒక అర్జీ రాయించింది. వీధిలో రాయడం వచ్చినవాళ్ళ చేత సంతకాలు పెట్టించి, రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించి, ఎర్రమేడకి పట్టుకెళ్ళింది. గుమాస్తా కామేశం కాగితం అందుకుని, "సరేనమ్మా, చూస్తాంలే" అన్నాడు. నెల్లాళ్ళ తర్వాత వెళ్ళి అడిగితే, "అర్జీనా? ఎవరి చేతికిచ్చావో ఏమో, పుచ్చుకున్నది నేను కాదు" అన్నాడు. సూరీడమ్మ మొహం మాడిన అప్పడంలా అయింది.

ఆ తర్వాత ఇంకో అర్జీ రాయించి, ఆఫీసు గోడకున్న ఫిర్యాదుల పెట్టెలో వేసింది. మరో నెల గడిచింది. "ఈ పెట్టె తెరిచేదెవరు బాబూ?" అని అడిగితే ఈ బల్లవాళ్ళు ఆ బల్లని చూపించారు, ఆ బల్లవాళ్ళు పక్కగదిని చూపించారు. అందరిదీ ఒకటే పాట, నేను కాదు, నేను కాదు అని. తాళంచెవి ఉన్నాయన బదిలీ అయి మూడేళ్ళయిందట! ఆ పెట్టెలో బల్లి గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, ఆ పిల్లలకీ పెళ్ళీడొచ్చింది.

ఆ తర్వాత ఏకంగా చైర్మనమ్మ ఇంటికే వెళ్ళింది. చైర్మనమ్మ పేరు ఇందుమతి. కుర్చీ ఆవిడది, సంతకం ఆవిడది, నోరు మాత్రం ఆవిడ మొగుడు ధర్మారావుది. ఆయన వరండాలో కాలుమీద కాలేసుకుని, "ఆవిడకేం తెలుసు, నాతో చెప్పు" అన్నాడు. సూరీడమ్మ మొదట్నించీ చెప్పింది. అంతా విని, "నన్నడిగితే ఏం లాభం? చైర్మన్ని నేను కాదు కదా!" అన్నాడు.

చూశావుటే? వినడానికి ఆయనే, చెయ్యడానికి మాత్రం ఆయన కాదు.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. ముసురు పట్టింది. ఒకరోజు బడికి తీసుకెళుతుంటే తడిసిన దుంగమీద సూరీడమ్మ కాలు సర్రున జారింది. ఎలా పట్టుకుందో ఏమో, పిల్ల దక్కింది. పలక మాత్రం కాలవలో పడి కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచి బుచ్చి బడి మానిపించేసింది. పాపం ఆ పిల్ల రోజూ సంచీ తగిలించుకుని అరుగుమీద కూర్చుని, బడిగంట వినపడగానే వెక్కివెక్కి ఏడ్చేది. దాన్ని చూసి సూరీడమ్మ కూడా ఏడ్చేది.

శుక్రవారం నోముకని గురువారం మధ్యాహ్నం శనగలు నానబోస్తుంటే సూరీడమ్మ చెయ్యి టక్కున ఆగిపోయింది. పక్కింటి కాంతాన్ని కేకేసింది.

"ఒసే కాంతం, వాయనం అందుకున్న మనిషి తర్వాత 'పుచ్చుకున్నది నేను కాదు' అనడం ఎప్పుడైనా విన్నావా?"

"లెంపలేసుకో వదినా! అలా ఎవరైనా అంటారా? కళ్ళు పోవూ!" అంది కాంతం.

అంతే. సూరీడమ్మ కుంకుమభరిణె పట్టుకుని తిన్నగా చైర్మనమ్మ ఇంటికి వెళ్ళింది. బొట్టు పెట్టి, "రేపు మా వీధికి పేరంటానికి రావాలమ్మగారూ" అని పిలిచింది. బొట్టు పెట్టి పిలిచాక ఎంతటివాళ్ళయినా రామనకూడదు. ధర్మారావు పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఆడాళ్ళ పేరంటమేగా, వెళ్ళిరా" అన్నాడు. తెలివైనవాడే పాపం, పేరంటం దగ్గర తప్పులో కాలేశాడు.

మర్నాడు సాయంత్రం చైర్మనమ్మ పట్టుచీర కట్టుకుని, కాలవ దాకా కారులో వచ్చింది. ఇవతల వీధిలో ఆడవాళ్ళంతా పసుపుకుంకాలతో నిలబడి ఉన్నారు. మధ్యన తాటిదుంగ. ఆవిడ గట్టుమీదే ఆగిపోయింది.

"వాయనం చేతికే అందించాలమ్మగారూ, విసరకూడదు కదా. కిందికి చూడకండి, నన్నే చూడండి" అని సూరీడమ్మ సగందాకా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఒక్కో అడుగే వేస్తూ దాటింది. దాటుతుంటే ఒక చెప్పు జారి కాలవలో పడింది.

"అయ్యో, నా చెప్పు!" అందావిడ.

బుచ్చి అరుగుమీంచి, "నా పలక కూడా అటే వెళ్ళిపోయింది" అంది.

ఇందుమతి ఆ పిల్లకేసి చూసింది.

అప్పుడు సూరీడమ్మ స్టీలుపళ్ళెం తెచ్చింది. అందులో తమలపాకులు, అరటిపళ్ళు, శనగలు. వాటి పక్కన మడత విప్పి పెట్టిన కాగితం. "చాటుగా ఇస్తే అది వాయనం కాదమ్మగారూ. శనగలతోపాటు మా అర్జీ కూడా ఉంది. చూసుకునే పుచ్చుకోండి. వద్దంటే బొట్టు పెట్టి పంపిస్తాం, ఏమీ అనుకోం" అంది.

ఇందుమతి ఒంటికాలి చెప్పుతో నిలబడి, ఆ దుంగకేసి ఓసారి, కాగితంమీది వేలిముద్రలకేసి ఓసారి చూసింది. గెలిచి ఏడాదయినా, తిన్నగా ఆవిణ్ణే ఒక మాట అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆవిడ మెల్లగా కొంగు పట్టింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ముమ్మారు. ఆ తర్వాత ఆనవాయితీ ప్రకారం సూరీడమ్మ అడిగింది. "నా వాయనం పుచ్చుకున్నదెవరమ్మా?"

"నేనే" అంది ఇందుమతి. "నేనే పుచ్చుకున్నాను."

ఇన్ని నెలలు ఎర్రమేడ చుట్టూ తిరిగినా ఒక్కరి నోటా రాని మాట అది! సూరీడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

వెళ్ళేటప్పుడు ఇందుమతి, "పళ్ళెం నా దగ్గరే ఉంచుతాను. ఖాళీగా తిరిగివ్వకూడదు కదా" అంది.

సోమవారం మీటింగులో ఆవిడ ఆ కాగితాన్ని బల్లమీద పెట్టింది. ధర్మారావు గుమ్మం దగ్గర నిలబడి దగ్గాడు, సకిలించాడు. ఆవిడ తల తిప్పలేదు. అయినా మన సూరీడమ్మ తక్కువదా? ప్రతి శుక్రవారం ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని ఎర్రమేడకి వెళ్ళి, బెంచీమీద కూర్చుని, "ఎంతదాకా వచ్చింది బాబూ?" అని అడిగేది. ఒక శుక్రవారానికి ఇసుక వచ్చింది. ఇంకో శుక్రవారానికి ఇనప చువ్వలు వచ్చాయి. మూడో శుక్రవారానికి కామేశమే ఎదురొచ్చి, "కూర్చోండమ్మా, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు.

కార్తీకమాసానికల్లా కల్వర్టు పూర్తయింది. ఆ రోజు ఇందుమతి దానిమీద నడిచి వచ్చి, పళ్ళెం తిరిగిచ్చింది. పళ్ళెంలో ఏముందో చెప్పుకో చూద్దాం. కొత్త పలక! పక్కన రెండు బలపాలు కూడా.

మర్నాడు పొద్దున్న సూరీడమ్మ అలవాటుగా చంకనెత్తుకోబోతే బుచ్చి వెనక్కి జరిగింది. "వద్దు మామ్మా, నేనే వెళతాను" అంది. పలక గుండెకి హత్తుకుని, కల్వర్టు మీదుగా టకటకా నడిచి వెళ్ళిపోయింది. సూరీడమ్మ ఖాళీ చేతులతో నిలబడి, అది బళ్ళోకి వెళ్ళేదాకా చూసింది. ఆ తర్వాత ఇంటికొచ్చి ఆ పళ్ళెం శుభ్రంగా తోమింది. ఎందుకంటావా? వీధికుళాయి పాడై పది రోజులయింది, మళ్ళీ శుక్రవారం వస్తోంది.

పలకేమో బడికి, పళ్ళెమేమో గూటికి,
గుప్పెడు శనగలు బుచ్చి నోటికి,
కథేమో కంచి దారికి, నువ్వూ నేనూ దుప్పట్లోకి,
ఇంక రెప్పలు రెండూ ఒక్క చోటికి!