తెరపైన పతాక హస్తం

యజ్ఞయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఎంత పెద్దవాళ్లయినా, సొంతంగా నాట్యం నేర్పుతున్నవాళ్లయినా, ఆయన దగ్గరికి వస్తే ఒకసారి తెర వెనక నిలబడాలి. చెరో కొసా ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక ఉన్న మనిషి తెరపైన కనబడేలా చెయ్యెత్తి హస్తాలు, అంటే నాట్యంలోని చేతి ముద్రలు, పడుతుంది. ముందు కూర్చున్నవాళ్లు వాటి పేర్లు చెప్పాలి. ముఖం సాయం లేకుండా చెయ్యి ఒక్కటే ఎంత చెప్పగలదో చూడాలని ఆయన కోరిక.

ఒకరోజు ఆయన పాత శిష్యురాలు సుభాషిణి వచ్చింది. నలభై ఆరేళ్లది, తెనాలిలో పాతికమంది పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. ఏడాదిగా మెడ నుంచి కుడిచేతి వేళ్లదాకా ఒకటే మంట, తిమ్మిరి. మన మెడలో ఏడు ఎముకలున్నాయి కదా, వాటి మధ్య మెత్తటి బిళ్లలుంటాయి. ఆమెకు అడుగున ఉన్న బిళ్ల ఒకటి పక్కకు జారి, చేతికి వెళ్లే నరాన్ని నొక్కుతోంది. మందులు, వ్యాయామాలు, మెడపట్టీ అన్నీ అయ్యాయి. ఆ బిళ్ల తీసేసి, పై ఎముకా కింది ఎముకా ఒకటిగా అతుక్కునేలా పలకతో బిగిస్తానన్నాడు డాక్టరు. చేతిలో బలం తగ్గితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దన్నాడు. అది మూడు నెలల కిందటి మాట. ఆమె మళ్లీ ఆ గడప తొక్కలేదు.

"మెడ ఆడకపోతే నాట్యం కొయ్యబొమ్మ అవుతుందని మీరే కదా అన్నారు, గురువుగారూ! నొప్పి పోవడానికి మెడ బిగించుకోమంటారా? ఓర్చుకుని ఆడటమే మేలు కదా?" అని అడిగింది.

మాస్టారు తెర వైపు చెయ్యి చూపించారు. "ముందు తెర వెనక్కి నడువమ్మా," అన్నారు.

కూర్చున్నవాళ్లలో రాజ్యం ఉంది. చిన్నప్పుడు సుభాషిణితో కలిసి గజ్జె కట్టిన మనిషి. "ఏమే పంతులమ్మా, పాతికమంది పరువు నీ చేతిలో ఉంది. జాగ్రత్త!" అంది.

"ముందు నీ కళ్లజోడు తుడుచుకోవే," అని తెర వెనక నుంచి జవాబు వచ్చింది. అందరూ నవ్వారు.

ముష్టి పట్టింది, చెప్పారు. శిఖరం పట్టింది, చెప్పారు. తర్వాత పతాకం పట్టింది. బొటనవేలు మడిచి, తక్కిన నాలుగు వేళ్లూ నిటారుగా నిలపడమే పతాకం. చేరిన మొదటిరోజే నేర్పే హస్తం అది.

"త్రిపతాకం," అంది రాజ్యం.

"సరిగ్గా చూడవే!"

"చూసే చెప్పాను. ఉంగరపు వేలు వంచావుగా!"

తక్కినవాళ్లూ త్రిపతాకమే అన్నారు. తలెత్తి చూసుకుందామంటే సుభాషిణికి మెడ పైకి లేవదు. "పతాకం పట్టాను. మీకు పతాకం కూడా తెలియదా?" అంది. గొంతు హెచ్చింది.

మాస్టారు తెర దించమన్నారు. ఆమె చేతిని అలాగే కళ్లముందుకు తెచ్చుకుంది. ఉంగరపు వేలు వాలిపోయి ఉంది. చిటికెన వేలు కూడా దాని దారే పట్టబోతోంది. ఎడమచేత్తో సరిచేసి వదిలింది. మళ్లీ వాలింది.

రాజ్యం లేచి వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. "ఎన్నాళ్ల నుంచే?"

"తెలీదే. నిజంగా తెలీదు." సుభాషిణి ఆ వేలిని మళ్లీ నిటారుగా నిలపబోయింది. తర్వాత మెల్లగా అంది: "రెండు వారాలుగా మా పిల్లలు పతాకం పట్టమంటే ఉంగరపు వేలు వంచుతున్నారు. ఏం పోయేకాలం వచ్చిందర్రా అని తిట్టాను. నిన్న ఒకదాన్ని గోడ దగ్గర నిలబెట్టాను."

మాస్టారు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. కొంచెం తాగి, "ఆపరేషను అయ్యాక మెడ ఇదివరకంత తిరగకపోతే?" అంది.

"తిరిగినంత ఆడు. తిరగనిచోట అడుగు నేను మారుస్తాను. రాజ్యం తోడు వస్తుంది, ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లు," అన్నారు మాస్టారు.

ఆమె గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచారు.

"పిల్లల్ని ఏమీ అనకమ్మా. వాళ్లు నువ్వు చూపించిందే నేర్చుకున్నారు."