జిడ్డక్క కాళ్లు ఎందుకు తడవవు?

ఒకప్పుడు నూనె నీళ్లలో కలిసిపోయేది. ఉప్పు కలిసినట్టే, బెల్లం కలిసినట్టే, చుక్క పడితే చాలు, ఇట్టే మాయమైపోయేది. నమ్మకపోతే మీ ఇష్టం. ముందు వినండి, నమ్మకం దానంతటదే వస్తుంది.

అప్పటికి భూమ్మీద ప్రాణమున్నది ఒక్కటీ లేదు. చీమ లేదు, చేప లేదు, గడ్డిపరక లేదు. చూసే కళ్లే లేవు కాబట్టి సముద్రం ఏ రంగులో ఉందో అడిగేవాడూ లేడు. ఆ సముద్రం ఒడ్డున, వేడి వేడి రాళ్ల మధ్య ఒక గుంట ఉండేది. ఆ గుంటలో నలుగురు కాపురం ఉండేవాళ్లు.

అందరికంటే పెద్దది పోగవ్వ. సన్నటి, పొడుగాటి దారం. ఒంటినిండా పూసలు. రంగులు నాలుగే, కానీ మార్చి మార్చి గుచ్చినవి. లోకంలో ఏది ఎలా తయారుచెయ్యాలో అంతా ఆ పూసల వరసలోనే ఉండేది. పోగవ్వ వేలితో తడుముకుంటూ చదువుకునేది.

రెండోవాడు మడతప్ప. పనంటే వాడే. ఒళ్లంతా మెలికలు. ఒకలా మడత పడితే గొళ్లెం, ఇంకోలా మడత పడితే కత్తెర, మరోలా పడితే తలుపు. ఏ పనికి ఆ మడత.

మూడోది చక్కెరమ్మ. ఎవరు డీలాపడినా నోట్లో ఇంత తీపి పెట్టి లేపేది.

నాలుగోది జిడ్డక్క. పాపం, ఆమెకు పనేమీ లేదు. ఏది పట్టుకున్నా చేతిలోంచి జారిపోయేది. "నువ్వు కూర్చోవే తల్లీ. నువ్వు కదలకుండా ఉంటే మాకు సగం పని అయినట్టే" అని పోగవ్వ విసుక్కునేది. నలుగురన్నానా, జిడ్డక్క వెంట లెక్కలేనంత మంది చెల్లెళ్లు కూడా ఉండేవాళ్లు. అందరూ జిడ్డుమొహాలే. ఒక్కొక్కరికీ చిన్న తలకాయ, బారెడేసి కాళ్లు రెండు. కాళ్లు చాపుకుని ఎండలో కూర్చోవడమే వాళ్ల పని.

ఆ గుంటకు చుట్టమంటే ఒక్కతే, నీలమ్మ. అదే, నీళ్లు. పోటు వచ్చినప్పుడల్లా గలగలమంటూ వచ్చేది. ఆవిడ వస్తే పాటించాల్సిన ఆచారం ఒకటుంది. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి లేచి నిలబడాలి. రెండు చేతులూ చాచి "రా నీలమ్మా, రా" అనాలి. వద్దనే మాట ఆ గుంటలో ఎవరి నోటా రాలేదు. అసలు అలాంటి మాట ఒకటుంటుందని కూడా వాళ్లకు తెలియదు.

నీలమ్మ అందరినీ వరసగా కావలించుకునేది. ఆ కౌగిట్లో అందరూ హాయిగా కరిగిపోయేవాళ్లు. ఆటు రాగానే నీలమ్మ వెనక్కి వెళ్లేది, గుంట ఎండకు ఆరేది, ఎవరికి వాళ్లు తేరుకుని మళ్లీ లేచి కూర్చునేవాళ్లు. రోజూ ఇదే వరస.

నీలమ్మకు అందరిలోకీ జిడ్డక్కంటే ప్రాణం. "మా జిడ్డి ఏదర్రా?" అంటూనే వచ్చేది. ఇంట్లో అందరూ కసురుకునే పిల్లకు ముద్దుచేసే మనిషి ఒక్కరుంటే ఎలా ఉంటుంది? జిడ్డక్క ఎప్పుడూ పోటు కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఒక రోజు పోగవ్వకు విసుగెత్తింది.

"ఎంతకాలం మన మొహాలు మనమే చూసుకుంటాం? ఒక బిడ్డను చేసుకుందాం. ఎలా చెయ్యాలో నా పూసల్లో ఉంది" అంది.

అందరూ నడుం బిగించారు. పోగవ్వ తనలాంటిదే ఇంకో పోగు పేనింది. మడతప్ప దాని చుట్టూ మెలికలు వేశాడు. చక్కెరమ్మ సత్తువ పోసింది.

"మరి నేనో?" అంది జిడ్డక్క.

"పసిగుడ్డుకు ఒళ్లు రుద్దవే. ఆ మాత్రం చేతనవుతుందిగా" అంది పోగవ్వ.

జిడ్డక్క రెండు చేతులతో మెల్లగా రుద్దింది. విచిత్రం, వాడు ఆమె చేతిలోంచి జారలేదు. ఇంకా దగ్గరగా ఒదిగాడు. ఆ తర్వాత కదిలాడు.

"అమ్మో! వీడు కదిలాడు!" అని కెవ్వుమంది జిడ్డక్క.

ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా, ప్రాణం పోసుకుని తనంతట తాను కదిలినది ఈ భూమ్మీద అదే మొదలు. మడతప్ప నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. వాడు గుండ్రంగా, బొట్టంత ఉన్నాడు. అందుకని బొట్టుగాడన్నారు.

అంతలో పోటు వచ్చింది.

"మా జిడ్డి ఏదర్రా?" అంటూ నీలమ్మ వచ్చేసింది.

ఇంకో ఆచారం చెప్పడం మరిచాను. గుంటలో కొత్తది ఏది తయారైనా ముందు నీలమ్మ ఒళ్లో పెట్టాలి. ఆవిడ చెయ్యి పడితేనే శుభం. రంగురాయి దొరికినా అంతే, కొత్త మడత కుదిరినా అంతే. మరి బిడ్డ పుడితే వేరే చెప్పాలా?

"నేనిస్తాను, నేనిస్తాను!" అని జిడ్డక్క ఎగిరి గంతేసింది. ఆమె చేతిలోంచి జారనిది వాడొక్కడే. బొట్టుగాణ్ణి గుండెకు హత్తుకుని తీసుకెళ్లి, నీలమ్మ ఒళ్లో పెట్టింది.

నీలమ్మ వాణ్ణి ముద్దు పెట్టుకుంది. తర్వాత అందరినీ కావలించుకుంది. అందరూ నవ్వుకుంటూ కరిగిపోయారు.

ఆటు వచ్చింది. ఎండ కాసింది. పోగవ్వ లేచింది, మడతప్ప లేచాడు, చక్కెరమ్మ లేచింది, జిడ్డక్క లేచింది.

బొట్టుగాడు లేవలేదు.

"చిన్నవాడు కదా, ఆలస్యమవుతుంది" అంది చక్కెరమ్మ. ఎండ నడినెత్తికి వచ్చింది. మడతప్ప రాళ్లన్నీ ఎత్తి చూశాడు. వాడు లేడు. వాడి పోగు ముక్కలై ఒక మూల పడి ఉంది. వాడి మెలికలు విడిపోయి ఇంకో మూల పడి ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, వాడు తప్ప.

పోగవ్వ ఆ ముక్కలు చూసి, పూసలు తడుముకుని, గబుక్కున కూలబడింది.

"మనం విడివిడి వాళ్లమర్రా. కరిగినా మళ్లీ మనమే లేస్తాం. వాడు అలా కాదు. మనమంతా ఒక్కచోట చేరితే వాడయ్యాడు. ఆ చేరిక చెదిరిపోయాక ఇంక లేవడానికి ఎవరున్నారు?"

పోవడమంటే ఏమిటో ఆ గుంటకు అప్పటిదాకా తెలియదు. పోయినవాళ్లు తిరిగి రావడమే తెలుసు.

జిడ్డక్క తన చేతులు చూసుకుంది. "నేనే ఇచ్చాను. ఈ చేతులతో నేనే తీసుకెళ్లి ఇచ్చాను" అంది. మళ్లీ మళ్లీ అదే మాట అంది.

మరుసటి పోటుకు నీలమ్మ వచ్చింది. "బుడ్డోడు ఏడీ?" అని అడిగింది. సంగతి చెప్పారు. నీలమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. అల పైకి లేచి పైనే ఉండిపోయింది.

"నేనా? నేనేం చేశానే? ముద్దు పెట్టుకున్నానంతే కదా!"

అంతే మరి. తప్పు ఎవరిదంటే ఏం చెబుతాం? ప్రేమగా చేసిన పనే, ప్రాణం తీసింది.

పోగవ్వ దుఃఖం దిగమింగుకుని ఇంకో పోగు పేనింది. మడతప్ప మళ్లీ మెలికలు వేశాడు. చక్కెరమ్మ తన దగ్గరున్న సత్తువంతా ఊడ్చి పోసేసింది. "ఇదే ఆఖరు. వీడూ పోతే మళ్లీ చేసే ఓపిక నాకు లేదు" అని బిడ్డ పక్కనే ఒరిగిపోయింది. జిడ్డక్క ఒళ్లు రుద్దింది. వీడూ కదిలాడు. కానీ పేరు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

దూరంగా గలగల వినబడింది. పోటు!

పోగవ్వ, మడతప్ప అలవాటు కొద్దీ లేచి చేతులు చాచారు. చూడండి మరి, కడుపుకోత తెలిసినవాళ్లే, బిడ్డ పక్కనే ఉన్నాడు, అయినా చేతులు చాచారు! ఆచారమంటే అంత మొండిది.

జిడ్డక్క చేతులు చాచలేదు. బిడ్డకు అడ్డంగా నిలబడింది. చెల్లెళ్లను కేకేసింది. అందరూ వచ్చి బిడ్డ చుట్టూ, ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారు.

"మా జిడ్డి ఏద..."

"రావద్దు" అంది జిడ్డక్క.

గుంటంతా చల్లబడిపోయింది. ఎవరూ వినని మాట. మడతప్ప చెవులు మూసుకున్నాడు. "అప్రాచ్యపు మాట! చుట్టాన్ని పట్టుకుని రావద్దంటుందా!" అని పోగవ్వ గుండెలు బాదుకుంది. చెల్లెళ్లలో సగం మంది సిగ్గుతో చచ్చిపోయి, నీలమ్మకు మొహం చాటేసి పక్కకు పారిపోయారు.

నీలమ్మకైతే ఏం వినబడిందో కూడా అర్థం కాలేదు. "ఏమన్నావే?" అంది.

"రావద్దమ్మా. వచ్చావంటే వీడు ఉండడు."

"నిన్నైనా పట్టుకోనియ్యవే!"

నీలమ్మ కౌగిలి తప్ప జిడ్డక్కకు ఈ లోకంలో ఇంకేం ఉంది గనక? అయినా తల అడ్డంగా ఊపింది. "నా మొహం నీ వైపే పెడతాను. చెంపకు చెంప ఆనించుకో, ఎంతసేపైనా సరే. కానీ నా కాళ్లు మాత్రం తడపకు. కాళ్లు తడిస్తే నేను కరుగుతాను. నేను కరిగితే వీడు పోతాడు."

మొహాలు బయటికి, పొడుగు కాళ్లు లోపలికి చాపి, పారిపోని చెల్లెళ్లు గుండ్రంగా బిగుసుకుని నిలబడ్డారు, వరసలో చోటు చాలనివాళ్లు వాళ్ల వెనక ఒదిగారు. నీలమ్మ వాళ్ల చెంపలు తడిమింది. మొహాలు తడిశాయి. కాళ్లు తడవలేదు. గోడ నిలబడింది!

"నిలబడిందర్రా!" అని మడతప్ప రాతి మీంచి అరిచేలోపల, లోపలినుంచి ఇంకో అరుపు వినబడింది. అది పోగవ్వది. ఆవిడ ఎప్పుడు దూరిందో ఏమో, బిడ్డ పక్కనే ఉంది.

"అయ్యో, వీడు కదలడం లేదు! ఎండిపోతున్నాడు!"

నీళ్లు తగిలితే కరుగుతాడు, తగలకపోతే ఎండుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల బిడ్డ మెలికలు ఒక్కొక్కటే బిగుసుకుపోతున్నాయి.

బయట నీలమ్మ ఏడుస్తోంది. "గుక్కెడే, జిడ్డీ. ఒక్క గుక్కెడు పట్టనియ్యి. కావలించుకోను, ఒట్టు."

జిడ్డక్క క్షణం ఆలోచించింది. తర్వాత మడతప్ప వైపు చూసింది. "తలుపు మడత పడరా!"

మడతప్ప గోడలో దూరి తలుపయ్యాడు. సన్నగా, ఒక్క చుక్క పట్టేంత సందు. నీలమ్మ చుక్క చుక్కగా లోపలికి వెళ్లింది. బిడ్డ గుటక వేశాడు. కదిలాడు. అబ్బ, కదిలాడు!

సరిగ్గా అప్పుడే జిడ్డక్క కాళ్లకు చల్లగా తగిలింది.

లోపలికి వెళ్లిన నీళ్లు ఆమె పాదాలను తడిపేస్తున్నాయి. బయట కాచుకుంది సరే, లోపలినుంచి వస్తుందని ఎవరు అనుకున్నారు? గోడ ఊగింది. పక్కన ఒక చెల్లెలు సగం కరిగిపోయింది. "అక్కా! అక్కా!" అని మిగతావాళ్ల కేకలు.

"ఇంకో వరస!" అని గట్టిగా అరిచింది జిడ్డక్క. "వెనకున్న వాళ్లంతా లోపలికి దూకండి! మొహాలు బిడ్డ వైపు! పాదాలు మా పాదాలకు ఆనించండి!"

దూకారు. పాదానికి పాదం ఆనింది. బయటి వరస మొహాలు బయటి నీళ్లకు, లోపలి వరస మొహాలు లోపలి నీళ్లకు. మధ్యలో అందరి కాళ్లూ ఒకచోట, పొడిగా, వెచ్చగా. ఇటునుంచి తడవవు, అటునుంచి తడవవు.

ఊగే గోడ ఆగింది.

పోటు తగ్గిపోయింది. బిడ్డ ఉన్నాడు. మళ్లీ పోటు వచ్చింది. బిడ్డ ఇంకా ఉన్నాడు. మూడో పోటుకు అందరూ చూస్తుండగా వాడు నడుం దగ్గర సన్నబడి, టప్పున ఇద్దరయ్యాడు! పోగవ్వ అదిరిపడింది. "ఇది నా పూసల్లో ఎక్కడుందర్రా!" అని మొదటినుంచీ తడుముకుని చూసుకుంది. ఉంది. ఒక మూల ఉంది. ముసలామె ఇన్నాళ్లూ అక్కడిదాకా చదవనే లేదు.

ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు వేలయ్యారు. వాళ్లలోంచే చీమ వచ్చింది, చేప వచ్చింది, మునగచెట్టు వచ్చింది, మీరొచ్చారు. పెద్ద క్లాసుల్లో కణం అని చెప్పేది వాడి గురించే.

నీలమ్మ ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. "జిడ్డీ, ఒక్కసారి కావలించుకోనియ్యవే" అని చెంపకు చెంప ఆనిస్తుంది. "వద్దమ్మా, లోపల పిల్లాడున్నాడు" అంటుంది జిడ్డక్క. "నువ్వు మాత్రం వాణ్ణి లోపల ఎత్తుకునే ఉన్నావు కదా" అని కూడా అంటుంది. నీలమ్మ నవ్వుతుంది. నిజమే మరి. వాడి ఒంట్లో సగానికి పైగా ఆవిడే.

అప్పటినుంచే నూనె నీళ్లలో కలవదు. ఆ రోజు మొహం చాటేసి పారిపోయిన చెల్లెళ్లే మీ అమ్మ పెట్టిన పులుసు మీద గుండ్రంగా తేలుతూ, ఎవరికీ మొహం చూపించకుండా తిరుగుతుంటారు. పారిపోకుండా నిలబడినవాళ్లు మాత్రం, గడ్డిపరకలోనైనా, ఏనుగులోనైనా, ఇదిగో ఈ కథ వింటున్న మీ చెవి తమ్మెలోనైనా, ప్రతి కణం చుట్టూ రెండు వరసలుగా, పాదానికి పాదం ఆనించుకుని, అలాగే నిలబడి ఉన్నారు. వాళ్ల కాళ్లు ఇంకా తడవలేదు.