అద్దంకి తోడి, వేటపాలెం తోడి

తన కచేరీ టేపు ఎవరు పెట్టినా పీరా సాహెబు గారు లేచి పెరట్లోకి వెళ్ళి మేకలకు నీళ్ళు పెట్టేవారు. మేకలు తాగినా తాగకపోయినా టేపు అయ్యేదాకా ఇంట్లోకి వచ్చేవారు కారు. ఆయన సన్నాయి అంటే చెవి కోసుకునేవాళ్ళు కృష్ణ ఒడ్డు నుంచి పెన్న ఒడ్డు దాకా ఉన్నారు. వాళ్ళందరిలోకీ ముదిరినవాళ్ళు ఆయన శిష్యులే, సింగరయ్యా బాజీనూ.

సింగరయ్యది అద్దంకి తోడి, బాజీది వేటపాలెం తోడి. నిజానికి రెండూ తోడి రాగంలో ఒకటే కీర్తన. గురువుగారు రెండు ఊళ్ళ తిరునాళ్ళలో వాయిస్తుంటే ఎవరో పుణ్యాత్ములు టేపు పట్టారు. అద్దంకిలో స్వరాలు ముగియబోయే ముందు గురువుగారు పై గాంధార స్వరం అందుకుని అక్కడే నిలిచిపోతారు. ఎంతకీ దిగరు. ఆ నిలుపు దగ్గర సింగరయ్యకు కళ్ళు వాటంతటవే మూతపడేవి. వేటపాలెంలో ఆ నిలుపు లేదు. అక్కడ సన్నాయీ డోలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్ళి ముక్తాయింపు దగ్గర కలుస్తాయి. "అద్దంకిది తపస్సు. నీది పరుగుపందెం" అనేవాడు సింగరయ్య. "తపస్సో కునుకో, చూసినవాడెవడు?" అనేవాడు బాజీ. అద్దంకి టేపులో పల్లవి అవుతుండగా ఎవరో "చెప్పులు జాగ్రత్త" అంటాడు. ఆ మాట వినపడకపోతే సింగరయ్యకు అనుపల్లవి మొదలైనట్టే ఉండదు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు. వీళ్ళ వ్యవహారమూ అంతదాకా వచ్చి, చివరికి పలకరింపులు కూడా పలచబడ్డాయి.

ఇలా ఉండగా గురువుగారికి ఊపిరి చాలకుండా వచ్చింది. మేళం ఎవరికో ఒకరికి అప్పగించక తప్పదు. ముందుగా సింగరయ్యను పిలిచి, రాబోయే పెళ్ళిలో పెద్ద సన్నాయి అతన్ని పట్టమన్నారు, తాను పక్కన రెండో సన్నాయి పడతానన్నారు. "డోలు మాలకొండయ్య సరేనంటే మేళం నీది" అన్నారు. మాలకొండయ్య మీసం నల్లగా ఉన్ననాటి నుంచీ ఆయన పక్కన వాయిస్తున్న మనిషి. సింగరయ్య తండ్రి ఇదే మేళంలో శ్రుతిపెట్టె మోస్తూ బతుకు వెళ్ళదీశాడు. ఆ ఇంట్లో సన్నాయి పట్టినవాడు ఇతనే మొదలు. పెద్ద సన్నాయి తన చేతికొస్తుందంటే అతనికి ఆశతో పాటు భయమూ పట్టుకుంది, అన్నం సయించలేదు.

ఆ భయంలోనే అడిగాడు. "గురువుగారూ, మీ అద్దంకి తోడి గొప్పదా, వేటపాలెం తోడి గొప్పదా? నన్ను ఏది పట్టుకోమంటారు?"

"పెళ్ళికి పోతన్నాంగా" అన్నారు ఆయన. "ఆడ చూద్దాం."

పెళ్ళిలో తలంబ్రాలు అయ్యాయి. జనం తీరిగ్గా కూర్చున్నాక సింగరయ్య తోడి ఎత్తుకున్నాడు. అద్దంకి దారినే పట్టాడు. బాగానే వాయించాడు, అందులో అనుమానం లేదు. స్వరాల చివర ఆ చోటు రాగానే పై గాంధారం అందుకుని నిలిచాడు. పందిరంతా సద్దుమణిగింది. మాలకొండయ్య మాత్రం డోలు కర్ర పైకెత్తి పట్టుకుని సింగరయ్య వంక చూశాడు, గురువుగారి వంక చూశాడు, తన చేతి వంక కూడా చూసుకున్నాడు. తర్వాత కొంచెం ముందుకు వంగాడు.

"ఏంది నాయనా, ఎవురి కోసం ఆగావు? కర్ర నా చేతిలోనే ఉందిగా" అన్నాడు.

సింగరయ్యకు అర్థం కాలేదు. గురువుగారు సన్నాయి దించి అతని చెవిలో చెప్పారు. అద్దంకిలో ఆ రోజు మాలకొండయ్య కర్ర చెయ్యిజారి జనంలో పడింది. వెతికి తెచ్చిచ్చేదాకా గురువుగారు ఆ గాంధారం మీదే కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని సింగరయ్య విన్నది ఒక కర్ర వెతుకులాట. సిగ్గుతో గాంధారం వదిలేశాడు. అద్దంకి పోయాక మిగిలింది వేటపాలెమే. బాజీతో పోట్లాడీ పోట్లాడీ అదీ అతనికి కంఠస్థమే గనక, వెంటనే ఆ పరుగు అందుకున్నాడు. పరుగు మంచి జోరు మీదుండగా మాలకొండయ్య కుడిచేతి వేలికి తొడుక్కున్న గట్టి గూడు ఊడి కిందపడింది. ముసలాయన చెయ్యెత్తి చూపించాడు. సింగరయ్య అటు చూడలేదు. వేటపాలెంలో గూడు ఊడలేదు మరి. గూడు లేని కుడిచెయ్యి పలకక, ఎడమచేతి కర్ర ఒక్కదానితో డోలు వెనకపడి, వెనకపడి, చివరికి ఆగిపోయింది. ముక్తాయింపు సన్నాయి ఒక్కటే చేరుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి శాలువా కూడా కప్పాడు.

భోజనాలయ్యాక మేళం మళ్ళీ కూర్చుంది. ఊపిరి చాలని గురువుగారే పెద్ద సన్నాయి చోట కూర్చున్నారు, సింగరయ్యకు రెండో సన్నాయి చూపించారు. మాలకొండయ్య అతన్ని చూసి మామూలుగానే నవ్వి, వేళ్ళకు గూళ్ళు సరిచేసుకుంటున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సింగరయ్యకు.

"ఎక్కడ తప్పానో చెప్పండి గురువుగారూ" అన్నాడు. "ఆ నిలుపూ మీదే, ఆ పరుగూ మీదే. ఒక్క స్వరం కూడా తొలగలేదే."

"తొలగలా" అని ఒప్పుకున్నారు పీరా సాహెబు గారు, సన్నాయి పీక తడుపుకుంటూ. "అద్దంకిలో వాయించినట్టే వాయించావు. వేటపాలెంలో వాయించినట్టే వాయించావు. ఇంతకీ ఇయ్యాల మనమొచ్చిన ఈ ఊరి పేరేందిరా?"