మొదటి వరుసలో గది

వరద నెల మూడోనాడు, ఎండ నడినెత్తి మీదికి వచ్చిన వేళ, ముసలి పూజారి అంఖు దగ్గరికి శిష్యుడు ఇమెరు ఆయాసపడుతూ వచ్చాడు. ఈజిప్టులో నైలు నదికి పడమట, రాజులనూ వాళ్ల అధికారులనూ పూడ్చే ఇసుక నేలలో ఆ గురుశిష్యులు చనిపోయినవాళ్లకు నైవేద్యాలు పెడుతుండేవారు. రాజుగారు తనను కొలువుకు రమ్మన్నారనీ, రేపెప్పుడైనా తాను చనిపోతే ఆయన సమాధి పక్కనే గది కూడా ఇస్తామన్నారనీ చెప్పి, "అంతటివారికి దగ్గరగా ఉండడం అదృష్టం కాదా గురువుగారూ?" అని అడిగాడు ఇమెరు.

అంఖు శిష్యుణ్ణి నీడన కూర్చోబెట్టుకుని మెరితి అనే ఇల్లాలి సంగతి చెప్పాడు.

మెరితి భర్త హెనుక, వెనకటి రాజుగారి చెప్పులు మోసే అధికారి. రాజు బతికుండగానే సమాధి తవ్వి, దాని చుట్టూ కొలువులోని వాళ్ల కోసం పచ్చి ఇటుకలతో వరుసలుగా గదులు కట్టేవారు. ఎవరి చావు వచ్చినప్పుడు వాళ్లు వెళ్లి అందులో పడుకోవడం. మొదటి వరుసలో ఒకే గది మిగిలింది. దానికోసం హెనుకా, వింజామర పట్టే ఖెనూ ఏడాది పొడుగునా మాటా మాటా అనుకున్నారు. మెరితీ ఊరుకోలేదు. సన్నటి నారబట్ట నేసి రాణిగారికి పంపింది. గది హెనుకకే వచ్చింది; ఖెనుకు చివరి వరుసలో ఇచ్చారు.

నీళ్ల రేవులో ఖెను భార్య తబి, "మీ ఆయనకి రాజుగారి గుమ్మమూ, మా ఆయనకి ఇసకానా," అంది.

"అడగడం చేతకావాలి వదినా," అని నవ్వుతూ మెరితి కడవ ఎత్తుకుంది.

రాజు హెనుక కంటే చిన్నవాడు. అలాంటివాడు జ్వరం తగిలి ఇట్టే పోయాడు. రాజు ఒంటరిగా వెళ్లకూడదనీ, మొదటి వరుసవాళ్లు ఆయన వెంటే వెళ్లాలనీ పెద్ద పూజారులు చెప్పారు. అది ముత్తాతల నాటి ఆచారమట. ఎప్పుడో పోయిందని అందరూ అనుకుంటూ వచ్చారు.

పిలవడానికి వచ్చినవాళ్లు మర్యాదగానే వచ్చారు. హెనుక చెప్పులు మరిచిపోయి గుమ్మం దాటాడు. మెరితి వాటిని అందించబోతే, "ఉండనీలే. అక్కడ మోసేవి వేరే ఉన్నాయి," అన్నాడు. పొద్దు వాలకముందే వాళ్లందరికీ గిన్నెలతో ఏదో తాగించి, గదుల్లో పడుకోబెట్టి పైకప్పులు వేసేశారు.

తెల్లవారాక ఆ ఇంట్లో ఎప్పటిలాగే పిండి కలిపారు. పిల్లలను వెంటబెట్టుకుని, వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని మెరితి సమాధుల దగ్గరికి వెళ్లింది. కావలివాడు అడ్డం నిలబడి, మొదటి వరుసకు రాజుగారి నైవేద్యం తప్ప మరొకటి వెళ్లదనీ, ఇంటివాళ్లు చివరి వరుస దాటకూడదనీ నెమ్మదిగానే చెప్పాడు. అక్కడినుంచి చూస్తే హెనుక గది కప్పు కూడా కనిపించదు. ఆమె చివరి వరుసలో ఖెను కోసం కట్టిన ఖాళీ గది ముందు రొట్టె పెట్టింది. వెనకే వచ్చిన తబి దాని పక్కన నీళ్ల ముంత పెట్టింది.

ఇమెరు ఆ ఖెను ఏమయ్యాడని అడిగాడు.

పళ్లూడేదాకా బతికి, తన మంచం మీదే పోయి ఆ గదిలోనే పడుకున్నాడనీ, మనవరాలు ఇప్పటికీ పండగనాడు వచ్చి అక్కడ కూర్చుని అతనితో ఇంటి కబుర్లు చెబుతుందనీ అంఖు చెప్పాడు. తర్వాత ఒళ్లో పడిన ఇసుక దులుపుకుని లేచాడు.

"దగ్గర అన్నావు నాయనా. ఎవరికి దూరమో చెప్పలేదు."