రత్నకంఠుడి కచేరీ

అనగనగా, కొండకీ వాగుకీ నడుమ ఉన్న పొదలడవిలో, ముల్లోకాలనూ పాటతో కట్టిపడేసే మహాగాయకుడు ఒకడుండేవాడు. ఆయన గొంతు విప్పితే చాలు, ఎక్కడెక్కడి శ్రోతలూ పరుగెత్తుకొచ్చేవారు. వచ్చినవారు మళ్లీ ఇంటి మొహం చూసేవారు కారు!

సరే, సరే. ముల్లోకాలు కాదు, మూడు పొదలు. గాయకుడు కూడా మనిషి కాదు, పిడికెడంత కౌజు పిట్ట. వచ్చిన పాట ఒక్కటే, "కిక్కిరికీ, కిక్కిరికీ" అని. పేరు రత్నకంఠుడు. ఆ పేరు పెట్టుకున్నది కూడా తనే.

రత్నకంఠుడి నివాసం ఒక వెదురు పంజరం. దాని యజమాని ఓబులు అనే వేటకాడు.

రోజూ పొద్దు పొడవగానే ఓబులు ఆ పంజరాన్ని పొదల మధ్య పెట్టేవాడు. చుట్టూ ఎండుగడ్డి రంగు వల పరిచేవాడు. తాను తుమ్మచెట్టు చాటున చతికిలబడేవాడు. రత్నకంఠుడు ఛాతీ విరిచి పాట ఎత్తుకునేవాడు. "మన పొదల్లో ఎవడ్రా వీడు?" అని కొన్ని కౌజులు పోట్లాటకి వచ్చేవి. "ఎవరో మనవాడే పిలుస్తున్నాడు" అని కొన్ని చుట్టరికానికి వచ్చేవి.

అవి దగ్గరికి రాగానే ఓబులు ముందుగా చేసే పని ఒకటుంది. చాటు నుంచే తాడు లాగి పంజరం మీద నల్లగుడ్డ కప్పేసేవాడు.

"ఇంతమంది చూస్తున్నారు, దిష్టి తగులుతుంది దొరా! అసలే లేత గొంతు మీది."

గుడ్డ కింద చీకట్లో కూర్చున్న రత్నకంఠుడికి బయట టపటపమని రెక్కల చప్పుడు వినిపించేది.

"అదేమిటి ఓబులూ?"

"చప్పట్లు దొరా, చప్పట్లు!"

గుడ్డ తీసేసరికి శ్రోతలుండరు. ఓబులు భుజాన సంచి మాత్రం బరువుగా వేలాడుతూ ఉండేది. "అందరినీ రాజుగారి తోటకి పంపించాను దొరా. మీ పాట విన్న పుణ్యం!" అంటూ దోసెడు చెదపురుగులు పంజరంలో పోసేవాడు. కౌజు పిట్టలకి చెదపురుగులంటే మనకి అరిసెలన్నట్టు.

ఒక పిట్టని చూపించి మిగతా పిట్టల్ని పట్టడాన్ని వేటగాళ్లు దీమం పెట్టడం అంటారు. ఓబులు ఆ మాట పంజరం దగ్గర పొరపాటున కూడా అనలేదు. అక్కడ అతని నోట వచ్చేది "కచేరీ" అనే మాటే.

పంజరం పక్కనే ఒక బండరాయి. దాని మీద పుల్లయ్య అనే ముసలి తొండ ఎండ కాగుతూ ఉండేవాడు. పాట సాగినంతసేపూ తల ఊపుతూనే ఉండేవాడు. అడవి మొత్తంలో సంగీతం తెలిసినవాడు ఇతనొక్కడేనని రత్నకంఠుడి నమ్మకం.

ఒక ఉదయం కచేరీ అయ్యాక తొండని పలకరించాడు. "ఏం పుల్లయ్యా, ఇవాళ తల తెగ ఊపావు! అంత బాగుందా?"

"పాటకా? భలేవాడివే! వానొచ్చినా ఊపుతాను, కాకి అరిచినా ఊపుతాను. మా వంశంలో అదొక అలవాటు నాయనా. అది సరేగానీ, నీ కచేరీకి ఒకసారి వచ్చినవాడు రెండోసారి రాడేం?"

రత్నకంఠుడికి చురుక్కుమంది. సాయంత్రం ఓబులుని అడిగాడు. ఓబులు పకపకా నవ్వాడు.

"రాజుగారి తోటలో సజ్జలు ముత్యాల్లా రాలుతుంటే, ఈ ముళ్లపొదల్లోకి మళ్లీ ఎవరొస్తారు దొరా?"

నిజమే కదా అనుకున్నాడు రత్నకంఠుడు. ఆ పూట చెదపురుగులు ఇంకాస్త రుచిగా ఉన్నాయి.

రెండో రోజు పుల్లయ్య మళ్లీ తల ఊపుతూ అడిగాడు. "రాజుగారి తోటకి అతిథులు సంచిలో పడి వెళ్తారా? మీ ఓబులు తలపాగాలో ఆ ఈకలేమిటి? పోనీ, అంత చక్కటి తోటే ఉంటే నిన్నెందుకు పంపడు?"

రత్నకంఠుడు ఆ మూడు ప్రశ్నలనీ ఓబులుకి అప్పజెప్పాడు.

"దారిలో ఎండ తగలకూడదని సంచి. ఈకలు మీకొచ్చిన కానుకలు, మీ తరఫున నేను మోస్తున్నా. ఇక మీరే వెళ్లిపోతే అడవి మూగబోదా దొరా?"

అబద్ధానికి ఇంత తేనె పూసి నోట్లో పెడితే ఎవరు మాత్రం ఉమ్మేస్తారు? రత్నకంఠుడూ చప్పరించాడు. ఆ తర్వాత పుల్లయ్య కేసి చూడనైనా చూడలేదు.

మూడో రోజు. వాగు మీద పలచగా మంచు. రత్నకంఠుడు పాట ఎత్తుకున్నాడు. "కిక్కిరికీ!"

వాగు అవతల నుంచి ఒక గొంతు బదులిచ్చింది.

"అన్నా! నువ్వేనా? బతికే ఉన్నావా?"

రత్నకంఠుడి ఒళ్లు జల్లుమంది. అది చెల్లెలు చుక్కి గొంతు. ఒకే గూట్లో, ఒకే తల్లి రెక్క కింద పెరిగారు ఇద్దరూ. ఓబులు వలకి తను చిక్కిన రోజు నుంచి ఆ గొంతు వినలేదు.

"అక్కడే ఉండన్నా, వస్తున్నాను! నాకు ఏడుగురు పిల్లలు. మేనమామ ఏడీ అని రోజూ నా ప్రాణం తీస్తున్నారు. ఇంకోసారి పాడు, ఏ పొదో ఆనవాలు పట్టుకుని వచ్చేస్తాం!"

తుమ్మచెట్టు చాటున ఓబులు వల తాడు బిగించి పట్టుకున్నాడు. "పాడండి దొరా, పాడండి," అన్నాడు మెల్లగా.

రత్నకంఠుడు నోరు తెరిచాడు. పాట రాలేదు.

"పిలువు మరి," అన్నాడు బండ మీది పుల్లయ్య. "తీసుకెళ్లేది రాజుగారి తోటకేగా? ఊళ్లోవాళ్లందరినీ పంపావు. తోబుట్టువుకి ఆ భాగ్యం వద్దా?"

వాగు అవతల గడ్డి కదిలింది. ముందు చుక్కి, వెనక వరసగా ఏడు చిన్న తలకాయలు. అన్నీ ఇటే వస్తున్నాయి.

అప్పుడు రత్నకంఠుడు మెడ చాచి, జన్మలో పాడని పాట పాడాడు. "కుర్‌ర్‌ర్!" ఆకాశంలో డేగ కనిపిస్తే కౌజు తల్లులు పిల్లల్ని హెచ్చరించే కూత అది.

చుక్కి ఆగిపోయింది. ఏడుగురు పిల్లలూ ఉన్నచోటే నేలకి అతుక్కుపోయారు.

"అదేం పాట దొరా? అపస్వరం పడింది. ఇంకోసారి అందుకోండి," అన్నాడు ఓబులు.

"కుర్‌ర్‌ర్!" ఏడు తలకాయలూ రేగుపొద కిందికి దూరిపోయాయి.

"గొంతు సవరించుకో అంటుంటే!"

"కుర్‌ర్‌ర్!" ఈసారి అడవి దద్దరిల్లింది. కొండ మీది కౌజుల దాకా అన్నీ చెట్టుకొకటి పుట్టకొకటి అయిపోయాయి.

ఓబులు లేచి నిలబడ్డాడు. 'దొరా' పోయింది, 'మీరు' కూడా పోయింది.

"ఒరేయ్, మూడు కూతల్లో ముప్పై పిట్టల్ని తరిమేశావు కదరా! నీకు చెదపురుగులు మేపింది ఇందుకా? ఉండు, ఇవాళ కూరకి నువ్వే దిక్కు!"

అంటూ పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టాడు. రత్నకంఠుడు ఆ బొటనవేలిని చూశాడు. ఇన్నాళ్లు పురుగులు ఏరుకున్న ముక్కుతో గట్టిగా ఒక్క పోటు పొడిచాడు. "అమ్మో!" అని ఓబులు చెయ్యి లాక్కున్నాడు. ఆ సందులోంచి పిట్ట బయటపడి, ఎగరడం మరిచిన రెక్కల్ని ఈడ్చుకుంటూ కాళ్ల మీదే పరుగు లంకించుకుంది. ఓబులు వెంటపడ్డాడు. పడి, తను పరిచిన వలలోనే కాలు తగిలి బోర్లాపడి, ఎటు కదిలితే అటు చిక్కుకున్నాడు.

"ఇప్పుడు నిజంగానే ఊపుతున్నానోయ్!" అని బండ మీద నుంచి పుల్లయ్య కేకేశాడు.

వాగు అవతల రేగుపొద కింద, అన్న చెప్పిందంతా వింటూ చుక్కి అతని ఒంటికంటిన వెదురు నలుసులు ముక్కుతో ఏరుతూ కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగారు. అందరిలోకి చిన్నది అడిగింది.

"మామా, ఆ వేటకాడు అన్నాళ్లు మోసం చేస్తే నీకు తెలియనే లేదా?"

"పాపం, ఎలా తెలుస్తుందే?" అంది చుక్కి. "నల్లగుడ్డ కప్పేవాడట కదా."

రత్నకంఠుడు అవునని తల ఊపబోయి ఆగాడు. కాసేపు నేల గీరాడు. తర్వాత ఎవరి కళ్లలోకీ చూడకుండా, చాలా చిన్న గొంతుతో ఒప్పుకున్నాడు.

"ఆ గుడ్డకి మొదటి నెలలోనే చిల్లు పడింది తల్లీ. నా కంటికి సరిగ్గా ఎదురుగా. ఒక్కసారి చూశాను. ఆ తర్వాత ప్రతి రోజూ అటు వీపు తిప్పి కూర్చునేవాణ్ని."

పొగడ్త తియ్యగా ఉందని నిజం వైపు వీపు తిప్పేవాణ్ని మోసగించడానికి పెద్ద మాయగాడేమీ అక్కర్లేదు.