నేల మీంచి లేవడం

ఫిలిప్పు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకి ఆ రోజే జవాబు దొరికేది కాదు. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, చేతిలో ఉన్న పని చూసుకునేవారు. తర్వాతెప్పుడో ఎవరో ఒక రోగి దగ్గర నిలబెట్టి "చూస్తూ ఉండు" అనేవారు. రాజమండ్రిలో పక్షవాతం వచ్చినవాళ్లకి తిరిగి నడక నేర్పే ఆ ఫిజియోథెరపీ కేంద్రంలో ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. కొత్తగా చేరిన హిమజకి తెలియదు. అందుకే అడగవలసింది అడిగి, జవాబు కోసం ఆయన బల్ల ముందే నిలబడిపోయింది.

ఆమె అడిగినది ఇది: "మాస్టారూ, మన చేతిలో ఉన్న మనిషి పడిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

ముందురోజు ఆమె నడిపిస్తున్న ఒక పెద్దాయన మోకాలు మడతపడి కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన నవ్వేశాడు కూడా. హిమజ మాత్రం నవ్వలేకపోయింది. ఆ ఉదయం నుంచి ఎవరిని నడిపించినా వాళ్ల నడుముకి కట్టిన బెల్టుని వేళ్లు తెల్లబడేలా బిగించి పట్టుకుంటోంది. ఈ పని తనకి తగదేమో, మానేద్దామా అని కూడా అనుకుంది.

మాస్టారు తల ఊపారు. "కడియం నుంచి అచ్చియ్యమ్మ గారని ఒకావిడ వస్తున్నారు. ఇకనుంచి ఆవిడ్ని నువ్వు చూడమ్మా" అన్నారు. అంతే.

అచ్చియ్యమ్మకీ ఆమె భర్త సూరన్నకీ కడియం దగ్గర చిన్న నర్సరీ ఉంది. గులాబీలు, మందారాలు పెంచి లారీలకి ఎత్తేవాళ్లు. ఒక పొద్దున మొక్కలకి నీళ్లు పెడుతూ ఉండగా ఆమెకి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. వైద్యం వేళకి అందింది. ప్రాణం దక్కింది, మాట తిరిగింది, కాల్లోకి బలం కూడా చాలావరకు వచ్చింది. చేతులు ఆనించుకునే రెండు ఇనప కమ్మీల మధ్య నిలబెడితే చక్కగానే నడుస్తుంది. కమ్మీలు దాటి వరండాలోకి రమ్మంటే మాత్రం పక్కవాళ్ల చెయ్యి వదలదు. తల వంచుకుని తన పాదాలే చూసుకుంటుంది. ఇంట్లో సూరన్న ఆమె చంక కింద చెయ్యి వేసి మంచం దగ్గర్నుంచి గుమ్మానికి, గుమ్మం దగ్గర్నుంచి మంచానికి నడిపించేవాడు. ఆమె స్నానానికి వెళ్తే తలుపు బయటే నిలబడేవాడు. మొక్కల వైపు చూసే తీరిక లేక మళ్లు సగం ఎండిపోయాయి.

ఆమె భయం హిమజకి తేలిగ్గానే అర్థమైంది. అది తన భయమే కదా. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాళ్లు. వారాలు గడిచాయి గాని నడక మాత్రం మొదలుపెట్టిన చోటే ఆగిపోయింది.

"ఒక్క నాలుగడుగులు చెయ్యి వదిలి చూద్దామా అచ్చియ్యమ్మ గారూ?" అని ఒకనాడు బతిమాలింది హిమజ.

"వద్దమ్మా. పడితే లేవలేను." ఆవిడ పట్టు ఇంకా బిగించింది. "ఆ పొద్దున పడ్డప్పుడు ఈయన వచ్చేదాకా బురదలో అలాగే ఉండిపోయాను. నోట్లోకి మట్టి పోతా ఉంటే మొహం కూడా తిప్పుకోలేకపోయాను."

వెనకనుంచి మాస్టారు ఈ మాట విన్నారు. ఆ రోజుకి నడక ఆపించారు. గది మధ్యలో పరుపు పరిపించి, పక్కన బరువైన చెక్క కుర్చీ ఒకటి వేయించారు. ఆవిడ బీపీ చూశారు, మోకాళ్లూ భుజమూ పరీక్షించారు. తర్వాత తనూ హిమజా చెరో పక్కా పట్టుకుని ఆవిడని మెల్లగా నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు.

సూరన్నకి ఒళ్లు మండిపోయింది. "పడకుండా నేర్పుతారని తీసుకొస్తే మీరే కింద పడుకోబెడతారేంటండీ! ఇదెక్కడి వైద్యమండీ!" అంటూ ఆమెని ఎత్తడానికి వంగాడు.

"మీరు కుర్చీ కదలకుండా పట్టుకోండి" అన్నారు మాస్టారు. "ఆవిడ్ని కాదు. కుర్చీని."

హిమజ చెయ్యి కూడా అప్పటికే సగం దూరం ముందుకి వెళ్లింది. మాస్టారు అది చూశారు. ఆయన తన వయసుకి కష్టమైనా మోకాళ్లు మడిచి, అచ్చియ్యమ్మకి చేతికందేంత దూరంలో నేల మీదే కూర్చున్నారు. హిమజా కూర్చోక తప్పలేదు.

అచ్చియ్యమ్మ కాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయింది. ఆమె చెంపల మీదుగా నీళ్లు జారి చెవుల్లోకి పోయాయి. మాస్టారు తొందరపెట్టలేదు. ఆవిడ శ్వాస నెమ్మదించాక, తోటలో దారి చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పారు. ముందు కుడి పక్కకి దొర్లాలి. ఎడం చెయ్యిని వెనక వదిలెయ్యకుండా కుడి చేత్తో వెంట తెచ్చుకోవాలి. మోచెయ్యి ఆనించి లేచి కూర్చోవాలి. మోకాళ్ల మీదికి రావాలి. కుర్చీ అందుకుని, కుడి పాదం ముందుకు వేసి నేలకి ఆనించి, దాని మీద బరువు మోపాలి.

మొదటిసారి మోకాళ్ల దాకా వచ్చి ఒరిగిపోయింది. మాస్టారు చెయ్యి ఆవిడ భుజం కిందికి వెళ్లి, అంతలోనే వెనక్కి వచ్చింది. ఆవిడే మోచేతి మీద ఆగింది. కుర్చీ వెనక సూరన్న పళ్లు బిగించి నిలబడ్డాడు. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి లేచింది. కుర్చీ చేతులు పట్టుకుని వంగి, రొప్పుతూ, ఎదురుగా ఉన్న భర్త మొహంలోకి చూసి, "చూశావా?" అంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ నడకకి ముందు నేల పాఠం జరిగింది. కొన్నాళ్లకి కుర్చీ బదులు బల్లతో, ఆ తర్వాత గోడ పక్కన చిన్న పీటతో లేవడం నేర్చుకుంది. వరండాలో ఆవిడ హిమజ చెయ్యి ఎప్పుడు వదిలిందో ఇద్దరూ గమనించలేదు. మాటల్లో ఉండగా జరిగిపోయింది. తలెత్తి, కిటికీ బయట ఎవరో పెంచుతున్న చామంతులకి పురుగు పట్టిందని చెబుతూ, చేతికర్రతో ఆ చివరిదాకా వెళ్లిపోయింది. ఎడమ పాదం కొంచెం ఈడుస్తూనే ఉంది. అది ఇక అలాగే ఉండిపోవచ్చని మాస్టారు ముందే చెప్పారు.

కేంద్రానికి రావలసిన పని తీరిపోయిన కొన్ని నెలలకి, ఒకసారి చూపించుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సూరన్న గడపలోనే మొదలుపెట్టాడు. "పడిందండీ! నేను లారీ ఎత్తిస్తా ఉంటే ఒక్కతే మళ్లలోకెళ్లి పడింది!"

హిమజ దగ్గరికెళ్లి దెబ్బ ఎక్కడ తగిలిందని చూస్తే మోచేతి మీద ఎండిన గీత ఒకటి కనిపించింది.

"కాలు జారిందమ్మా" అంది అచ్చియ్యమ్మ. "ముందు అరిచాను. నీళ్ల మోటారు హోరులో ఎవరికి వినబడుద్ది? ఇక అరవడం మానేసి ఇటు దొర్లాను. అక్కడ కుర్చీ ఏదీ? పెద్ద సిమెంటు కుండీ ఉంది. దాన్ని పట్టుకుని లేచాను. ఈయన వచ్చేసరికి మందారాలకి కలుపు తీస్తున్నాను. చీర నిండా మట్టి చూసి నన్ను తిట్టడం మొదలెట్టాడు."

"తిట్టనా మరి?" అన్నాడు సూరన్న. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు రాత్రి చాలాకాలానికి నిద్ర పట్టిందండీ నాకు" అన్నాడు.

పరీక్ష అయ్యాక వాళ్లు బయల్దేరారు. హిమజకి మనసు స్థిమితపడలేదు. మాస్టారి దగ్గరికి వెళ్లి, "కానీ పడ్డారు కదా మాస్టారూ. నేనింకా ఏదో నేర్పవలసింది" అంది.

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూస్తున్నారు. అచ్చియ్యమ్మ కర్ర ఊతంగా ఎండలో ముందు నడుస్తోంది. సూరన్న రోడ్డు పక్కన ఆగి, ఆవిడ వైపు చూడనైనా చూడకుండా బండివాడితో చెరుకురసం బేరమాడుతున్నాడు.

"ఆయన్ని చూడు" అన్నారు మాస్టారు. "ఎంత వెనకబడిపోయాడో."