పొందూరు పంచె

పడవల మేస్త్రి పోలయ్యను ఏదైనా అడిగితే జవాబు నోటితో రాదు. అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని తగులుతుంది. భీమిలి తీరాన ఆయన షెడ్డులో ఫైబర్ పని నేర్చుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మూడేళ్లుగా అక్కడే ఉన్న హైమకు మరీ బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఆమె జవాబు కోసమే అడిగింది.

"మేస్త్రిగారూ, గుడ్డను రెసిన్ కింద మూసేస్తే ఎప్పటికీ అలాగే ఉండిపోతుందా?"

ఆమె చేతిలో ఉన్నది తెల్లటి పొందూరు పంచె. తల్లి వడికిన ఆఖరి నూలుతో తండ్రి దామోదరం నేసింది. తల్లి పోయింది. చూపు మందగించి తండ్రి మగ్గం విప్పేశాడు. ఇక అలాంటి గుడ్డ ఇంకొకటి రాదు. హైమ తన సొంతానికి ఒక ప్యాడిల్ బోర్డు చేసుకుంటోంది: మనిషి నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే పొడుగాటి పలక. ఫోమ్ దిమ్మను కోసి, గుంటలు పడ్డచోట లప్పం పెట్టి, నున్నగా అరగదీసింది. పైన రంగుకు బదులు ఈ పంచె పరిచి, దానిమీద గాజు పోగుల గుడ్డ వేసి, ఆరితే రాయిలా బిగుసుకునే రెసిన్ జిగురు పట్టించాలని కోరిక. పెట్టెలో పురుగు కొట్టే బదులు సముద్రం మీద పదిమంది కళ్లబడుతుంది కదా!

పోలయ్య పంచెను వెలుతురుకేసి ఎత్తి పట్టుకున్నాడు. గుడ్డలోంచి అవతలి అలలు కనబడ్డాయి.

"ఓ మూల కత్తిరించి రెసిన్‌లో ముంచి సూడమ్మా" అన్నాడు.

"మా నాన్న నేసిన గుడ్డకి కత్తెర పెట్టమంటారా?"

ఆయన పంచెను ఆమె చేతికి తిరిగిచ్చాడు. తన పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.

హైమ పంచెను ఎక్కడా ముడత లేకుండా పరిచింది. గాజు గుడ్డ వేసి, గట్టిపరిచే హార్డెనర్ కలిపిన రెసిన్ పోసి, రబ్బరు పలకతో నడుమనుంచి అంచులకు లాగింది. మొదటి లాగుడుకే తెలుపు మసకేసింది. తడి కదా, ఆరితే తేరుకుంటుందిలే అనుకుని మళ్లీ లాగింది. లాగినంత మేరా గుడ్డ మాయమవుతూ వచ్చింది. కింద ఫోమ్ మీద తాను గీసిన పెన్సిలు గీతలు తేలాయి. లప్పం మచ్చలు తేలాయి. పంచెలో మిగిలినవి రెండు ఎర్ర అంచులే. గబగబా పైకి లేపబోయింది. నూలు సాగి, వేళ్లకు తీగలు తీగలుగా అంటుకుంది. వదిలేసింది. అరగంటలో అంతా రాయయిపోయింది.

"మీకు తెలుసు" అంది హైమ పోలయ్య పడవ దగ్గరికి వెళ్లి. "తెలిసీ చూస్తూ ఊరుకున్నారు."

"తెలుసు. సెప్తే నమ్మేదానివా?"

హైమ వేళ్లకు అంటి గట్టిపడిన నూలు తీగలను గోళ్లతో పీక్కుంది.

మూడోరోజు దామోదరం బస్సు దిగి వచ్చాడు. పంచె పరిచిన బోర్డు చూడటానికి రమ్మని కూతురు ఎప్పుడో ఫోనులో చెప్పింది. వద్దని మళ్లీ చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. బోర్డు మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు.

"అద్దంలా ఉందమ్మా. గుడ్డ ఏ పక్క పరిచావు?"

"నీ చేతి కిందే ఉంది నాన్నా."

అది అబద్ధం కాదు. దామోదరం కళ్లు చికిలించి, ముఖం ఆనేంత దగ్గరగా వంగాడు. ఎర్ర అంచు దొరికింది. అక్కణ్ణించి వేలు లోపలికి నడిపించాడు. ఏమీ దొరకలేదు. ఇంకోసారి నడిపించాడు.

"మీ అమ్మ నూలు మరీ సన్నం" అన్నాడు చివరికి. "కట్టుకుంటే ఒంటిమీద గుడ్డ ఉన్నట్టే ఉండదని అందరూ మెచ్చుకునేవాళ్లు."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. టీ తాగి వెళ్లమన్నా ఆగలేదు.

తండ్రి వెళ్లాక హైమ ఉప్పుకాగితం అందుకుని పైపూత గీకడం మొదలుపెట్టింది. తెల్లటి పొడి లేచింది. అది రెసిన్ పొడే. అయినా గీకుతూనే ఉంది. వేళ్ల కణుపులు చిట్లినా ఆపలేదు. పోలయ్య వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"గాజు గుడ్డ కూడా అలాగే మాయమైపోద్దమ్మా" అన్నాడు. "కాకపోతే దాన్ని సూసుకోడానికని ఎవరూ నెయ్యరు."